మనోణ్ణి వదలం

మా వైపు ఇద్దరు మనుషులు కొత్తగా కలిస్తే ముందు ఊరేదని అడుగుతారు. తర్వాత ఎవరి తాలూకు అని, ఆ తర్వాత ఇంటిపేరేంటని. ఇదంతా చుట్టూ తిరగడమే. అసలు ప్రశ్న మాత్రం పక్కనున్న మూడో మనిషిని అడుగుతారు, గొంతు కాస్త తగ్గించి: "మనోడేనా?" కులం అనే మాట నోటి వెంట రాకుండా కులం కనుక్కునే పద్ధతి ఇది. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ హోటల్లో టీ తాగినా పక్క బల్ల దగ్గర ఈ మాట వినిపిస్తుంది. ఇదే మాటని మేం నలుగురం కొన్నేళ్ళపాటు పిల్లల ఆటలో నినాదంగా వాడుకున్నాం. అది ఎంత తెలివితక్కువ పనో మాకు తెలియలేదు. మాకు కాదు, నాకు తెలియలేదు. వాడికి తెలిసే ఉంటుంది.

వాడంటే నా స్నేహితుడు. ప్రత్తిపాడు దగ్గర మా ఊరి హైస్కూల్లో మాది ఒకే బెంచీ. మా ఇల్లు రోడ్డుకి ఇవతల, వాడిది అవతల చర్చి ఉన్న పేటలో. వాళ్ళ అమ్మా నాన్నా మా చేలోనే మిరపకాయలు కోసేవాళ్ళు. మేమిద్దరం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. వాళ్ళ నాన్న మాత్రం నాకు పదేళ్ళు నిండక ముందు నుంచే నన్ను "బాబుగారూ" అని పిలిచేవాడు. అందులో వింతేమీ నాకు కనపడలేదు. పిలిపించుకునేవాడికి కనపడదు.

వాడికి నటన పేటలోనే వంటబట్టింది. క్రిస్మస్‌కి చర్చి ముందు వేసే నాటకంలో ఒక ఏడాది దేవదూత, ఒక ఏడాది దుష్టుడైన రాజు. ఏ వేషం కట్టినా జనం కన్నార్పకుండా చూసేవాళ్ళు. మా ఇళ్ళ వైపు నుంచి నేనొక్కణ్ణే వెళ్ళి చూసేవాణ్ణి. దానికి నా అంత గొప్ప మనసు ఎవరికీ లేదని నాలో నేను మురిసిపోయేవాణ్ణి కూడా.

చదువులు అయ్యాయి. నేను ట్యూషన్లు చెప్పేవాణ్ణి, వాడు ట్రాక్టర్ తోలేవాడు. అప్పటికి మా ఊళ్ళలో పుట్టినరోజుల పిచ్చి ముదిరింది. బెలూన్ల తోరణం, డ్రోన్ కెమెరా, మెడలో పూలదండతో ఏమీ అర్థం కాక ఏడ్చే పిల్ల. సూపర్ హీరోల వేషాలు వేసుకుని పిల్లలకి ఆట ఆడిద్దామన్న ఆలోచన వాడిదే. చీరాలలో పవర్‌లూమ్ మీద పనిచేసే అన్నదమ్ములిద్దరు మాతో కలిశారు. అన్న మిషను ముందు కూర్చుని వేషాలన్నీ తనే కుట్టాడు. మెరిసే పాలిస్టర్ గుడ్డ, లోపల కండల కోసం స్పాంజి ముక్కలు. తమ్ముడిది పచ్చ వేషం. నా స్నేహితుడిది నీలం. అన్న నల్ల ముసుగు వేసుకుని విలన్ అయ్యేవాడు. నాది ఎరుపు, అందరికంటే ఎక్కువ స్పాంజి నా వేషంలోనే ఉండేది. నేను లీడర్ని. నేనే ఎందుకు లీడర్నో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆదివారాలు వాడరేవు వెళ్ళి ఇసకలో ప్రాక్టీసు చేసేవాళ్ళం. పల్టీ కొట్టి పడ్డా నడుము విరగదని. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి "ఈ ఎదవలకి పనీపాటా లేదా" అని మా మొహాన్నే అనేవాళ్ళు. నా జీవితంలో నేను బాగా నవ్వుకున్న రోజులు అవే.

ఆట చాలా చిన్నది. విలన్ వచ్చి నీలం హీరోని ఎత్తుకుపోతాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మగ్గం దగ్గర మిగిలిన నూలుతో పేనిన లావుపాటి తాడుతో కట్టేస్తాడు. ఆ ముడి మా చీరాల అన్న ప్రత్యేకం. చూడ్డానికి ఏనుగు కూడా తెంచలేదనిపిస్తుంది, ఒక కొస లాగితే మొత్తం జారిపోతుంది. కుర్చీలోంచి వాడు గింజుకుంటూ అరుస్తాడు: "మనోళ్ళెక్కడ?" పిల్లలంతా గొంతు చించుకుని, "వస్తున్నారు!" అంటారు. నేనూ పచ్చ వేషమూ దూకుతాం. "మనోణ్ణి వదలం! మనోణ్ణి వదలం!" కాసేపు దెబ్బలాట. చివర్లో పుట్టినరోజు పిల్ల వచ్చి తాడు కొస లాగుతుంది, నీలం హీరో లేచి ఆ పిల్లకి దణ్ణం పెడతాడు. నేను ఆ పిల్లని భుజానికెత్తుకుని ఫొటో దిగుతాను. అంతే.

మాటలన్నీ వాడే రాశాడు. "ఆ మాట ఎందుకు పెట్టావురా?" అని ఒకసారి వాడరేవులో అడిగాను. తల మీద ఇసక దులుపుకుంటూ, "ముసుగేసుకున్నంతసేపూ అందరం మనోళ్ళమేగా" అన్నాడు. బాగుందిరా అన్నాను. నాకు ఆ మాట నిజంగానే నచ్చింది. నచ్చడానికి నాకు పోయేదేముంది?

కట్టేయించుకునేవాడు ఎప్పుడూ వాడే. "నీ అంత బాగా గింజుకోవడం మాకెవరికీ రాదురా" అనేవాళ్ళం.

ఆ రోజు మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న కాలం. గుంటూరుకి దక్షిణంగా ఒక ఊళ్ళో పెద్ద రైతు ఇంట్లో మనవరాలి అయిదో పుట్టినరోజు. ఇంటి ముందు షామియానా, ఇంటి పక్కనే కళ్ళం. గాలి ఇటు తిరిగితే చాలు, షామియానాలో ఉన్నవాళ్ళంతా వరసగా తుమ్ముతున్నారు. పొద్దున వెళ్ళగానే ఇంటి పెద్దాయన నా ఇంటిపేరు అడిగి, "ఓరి, మీ తాత నాకు బాగా తెలుసయ్యా" అని నా వీపు తట్టాడు. మిగతా ముగ్గురూ అప్పటికే వ్యాన్లో వేషాలు వేసుకుంటున్నారు. వాళ్ళ గురించి ఆయన ఏమీ అడగలేదు.

ఆట బ్రహ్మాండంగా జరిగింది. పాప తాడు లాగింది, నీలం హీరో మెడ చుట్టూ చేతులేసి వేలాడింది. తర్వాత నేను భుజానికెత్తుకున్నాను, ఫొటోలు దిగాం. కేకు కోశారు, జనం భోజనాలకి లేచారు. నేను వ్యాన్ దగ్గర ముసుగు తీసి నీళ్ళు తాగుతుంటే చీరాల తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, పాప మెళ్ళో గొలుసు పోయిందంట. మనోణ్ణి గదిలో పెట్టి తలుపేశారు."

వాడు తాడూ కుర్చీ తెచ్చుకోవడానికి వసారాలోకి వెళ్ళాడట. అప్పుడే గొలుసు లేదన్న సంగతి బయటపడింది. పెద్దాయన బావమరిది ఎదురొచ్చి వాడి ముసుగు లాగాడు. పాప వాడి మెడ పట్టుకుని వేలాడటం అందరూ చూశారుగా. బ్యాగు వెతికారు, ఒళ్ళంతా తడిమారు, ఏమీ దొరకలేదు. ఏ ఊరని అడిగితే చెప్పాడు. ఎవరబ్బాయివని అడిగితే మాత్రం, "మా టీమ్ వాళ్ళని పిలవండి" అన్నాడట. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదట. టిక్కీలు వేసిన గదిలోకి తోసి గడియ పెట్టారు. టిక్కీలంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు. ఆ గదిలో అలవాటున్న కూలీలే మూతికి గుడ్డ కట్టుకోకుండా నిలబడలేరు.

నేను వెళ్ళేసరికి ఆ గది కిటికీ ముందు పిల్లలంతా గుమిగూడి ఉన్నారు. ఆట రెండో భాగం మొదలైందనుకున్నారు. లోపల వాడు దగ్గుతుంటే బయట వీళ్ళు ఎగురుతూ, "వస్తున్నారు! మనోళ్ళు వస్తున్నారు!" అని అరుస్తున్నారు. పాప అందరి ముందు నిలబడి తాడు కొస కోసం వెతుక్కుంటోంది. కిటికీ ఊచల్లోంచి వాడి మొహం కనపడింది. కళ్ళు వాచి, నీళ్ళు ధారగా కారుతున్నాయి. బావమరిది నాకు చూపించి, "చూడు, ఎట్టా ఏడుస్తన్నాడో. తప్పు చెయ్యనోడు ఏడుస్తాడా?" అన్నాడు.

వసారాలో పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోపంగా కూడా లేడు, విసుగ్గా ఉన్నాడు.

"ఏందబ్బాయ్, ఇట్టాంటోళ్ళని ఎందుకు పెట్టుకుంటావు?"

"వాడు అలాంటివాడు కాదండీ."

"ఎవడు? మనోడేనా?"

ఇక్కడ నేను చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న కథ ఒకటుంది. 'మనోడే' అన్నప్పుడు మా టీమ్‌లో వాడని నా ఉద్దేశమనీ, ఆయన దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడనీ. అది పచ్చి అబద్ధం. ఆయన ఏమి అడుగుతున్నాడో నాకు తెలుసు. నేనేమి చెబుతున్నానో కూడా తెలుసు.

"మనోడేనండీ" అన్నాను.

"ఇంటిపేరు?"

"మాదేనండీ. మా చిన్నాన్న కొడుకు."

ఆ మాటకి ఎంత బలముందో చూడాలి. కట్టిన తాడు కొస లాగినట్టు అంతా జారిపోయింది. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. బావమరిది మొహం మాడిపోయింది, తనే వెళ్ళి గడియ తీశాడు. "ముందే చెప్పొద్దా అబ్బాయ్! మీ అన్న చెప్పబట్టి సరిపోయింది" అంటూ వాణ్ణి భుజం పట్టుకుని తీసుకొచ్చి పెద్దాయన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరో తడి తువ్వాలు తెచ్చారు. ఇంటి కోడలు మజ్జిగ తెచ్చి, "పాపం, మన పిల్లోడు! మొహం ఎట్టా కందిపోయిందో" అంది. పది నిమిషాల క్రితం అదే మొహం దొంగ మొహం.

వాడు మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వైపు చూశాడు. ఏమి చెప్పి విడిపించానో వాడికి అర్థమైంది. నేను కళ్ళతోనే, ఊరుకోరా, అయిపోయింది, వెళ్ళిపోదాం అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఊరుకునేవాడే. ఆ రోజు అంతటితో అయిపోయి ఉంటే, ఇద్దరం ఆ సంగతి ఎత్తకుండా ఇంకో పదేళ్ళు స్నేహితుల్లాగే ఉండేవాళ్ళమేమో.

కానీ గొలుసు ఇంకా దొరకలేదు. బావమరిది కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఈ అబ్బాయి కాకపోతే మరి..." అంటూ ఇంటి వెనక్కి చూశాడు. వెనక బోరు దగ్గర నలుగురు ఆడవాళ్ళు అంట్లు తోముతున్నారు. ఆ ఊరి పేటవాళ్ళు. పొద్దుట్నుంచీ అక్కడే వంగి ఉన్నారు, పాప మొహం కూడా చూసి ఉండరు. "ఇట్టా రండే మీరు" అని కేకేశాడు. తడి చేతులతోనే వచ్చారు. కళ్ళం పక్కన ఎండలో వరసగా కూర్చోబెట్టి, "కొంగులు దులపండి" అన్నాడు. అందులో పెద్దామె ఏమీ అడగకుండా కొంగు విప్పి దులిపింది. ఇది మొదటిసారి కాదని ఆ దులపడంలోనే తెలిసింది.

వాడు మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఆగండి" అన్నాడు. గొంతు పూర్తిగా పోయింది, బొంగురుగా వచ్చింది. "నేను ఈయన చిన్నాన్న కొడుకుని కాదండి. మా ఇల్లు పేటలోనండి. మా అమ్మ కూడా ఫంక్షన్లలో ఇట్టాగే అంట్లు తోముద్ది. నన్ను వెతికారు, ఏమీ దొరకలేదుగా. వీళ్ళని వదిలెయ్యండి. కాదంటే నన్నే మళ్ళీ ఆ గదిలో పెట్టండి."

అని మెట్లు దిగి వెళ్ళి, నీలం వేషంతోనే, ఆ నలుగురి పక్కన నేల మీద కూర్చున్నాడు. పెద్దామె చీర సర్దుకుని చోటిచ్చింది. "ఏ ఊరయ్యా? ఎవరబ్బాయివి?" అని మెల్లగా అడిగింది. వాడు ఊరు చెప్పాడు, వాళ్ళ నాన్న పేరు చెప్పాడు. పెద్దాయన మనుషులు అడిగిన ప్రశ్నే అది. వాళ్ళకి చెప్పని జవాబు ఆమెకి వెంటనే చెప్పాడు.

బావమరిది నా మీదికొచ్చాడు. "ఏందయ్యా ఇది? ఎవణ్ణో తెచ్చి మన పక్కన కూర్చోబెడతావా?" నాకు ఒళ్ళంతా చెమట్లు, స్పాంజి తడిసి గుండెల మీద బరువుగా ఉంది, ఊపిరాడటం లేదు. ఏదో ఒకటి చెయ్యాలని వెనక జిప్పు లాగి వేషం పైభాగం ఊడదీశాను. ఎర్ర గుడ్డకీ స్పాంజికీ మధ్యలోంచి గొలుసు జారి గచ్చు మీద పడింది.

భుజానికెత్తుకున్నప్పుడు కొక్కెం ఊడి నా కాలర్లోంచి లోపలికి దిగిపోయిందన్నమాట. అంతసేపూ నా గుండెల మీదే ఉంది.

పాప పరిగెత్తుకొచ్చి గొలుసు అందుకుని, "రెడ్ హీరో దగ్గరుంది! రెడ్ హీరో దగ్గరుంది!" అని గంతులేసింది. ఆట అయిపోయిందనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత పెద్దాయన పెద్దగా నవ్వాడు. "ఓరి నీ తస్సదియ్యా! లీడరే దొంగన్నమాట!" అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వి నా వీపు మీద చరిచాడు. పొరపాటు, చిక్కుకుంది, పిల్లలతో ఇట్టాంటివి మామూలే, భోజనానికి లెగండి. నా బ్యాగు ఎవరూ వెతకలేదు. నన్ను ఎవరూ తడమలేదు. గొలుసు నా ఒంటి మీద దొరికినా దొంగని కాలేదు, ఏమీ దొరకని వాడు గదిలో దగ్గాడు.

పెద్దాయన కళ్ళం వైపు తిరిగి, "దొరికిందిగా, ఇంకా కూర్చున్నారేంటి? లెగండి, అంట్లు అట్టాగే ఉన్నాయి" అన్నాడు. ఆడవాళ్ళు లేచి వెళ్ళారు. క్షమించమని ఎవరూ అనలేదు, వాళ్ళతో గానీ వాడితో గానీ. నేనూ అనలేదు.

ఆ రోజు నేను చెప్పాల్సిన మాట ఏమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు. "పాపని నేనూ ఎత్తుకున్నానండీ, నన్నూ వెతకండి" అంటే చాలు. గొలుసు అక్కడికక్కడే దొరికేది. వాడు వాడిలాగే బయటికొచ్చేవాడు, ఆ ఆడవాళ్ళు ఎండలో కూర్చునేవాళ్ళు కాదు. ఆ మాట నాకు తట్టనే లేదు. నన్ను వెతుకుతారన్న ఊహ నా బుర్రలోకి రాలేదు. ఎందుకొస్తుంది?

మేం నలుగురం ఆ ఇంట్లో తినకుండానే బయల్దేరాం. వ్యాన్లో చీరాల అన్నదమ్ములు ముందు కూర్చున్నారు, వెనక మేమిద్దరం. వాడు కిటికీ వైపు తిరిగి పత్తి చేలు చూస్తున్నాడు. నాకు మౌనం భరించడం చేతకాదు. "నిన్ను విడిపించడానికే కదరా అన్నాను" అన్నాను. ఆ గొంతులో ఫిర్యాదు కూడా ఉంది, ఇప్పుడు దాచి లాభం లేదు. నా అబద్ధాన్ని వాడు నలుగురిలో బయటపెట్టి నా పరువు తీశాడన్న బాధ నాకు నిజంగానే ఉంది.

వాడు తల తిప్పకుండానే అన్నాడు: "నన్ను విడిపించలేదురా నువ్వు. మీ చిన్నాన్న కొడుకుని విడిపించావు. నేను ఆ గదిలోనే ఉన్నా."

తర్వాత మా టీమ్ ఇంకెక్కడా ఆడలేదు. నీలం వేషం ఉతికి, ఇస్త్రీ చేసి, చీరాల అన్నకి పంపేశాడు. నేను వాడింటికి వెళ్ళలేదు. వెళదామని నాలుగైదుసార్లు రోడ్డు దాటబోయి చర్చి మలుపు దగ్గర వెనక్కి తిరిగాను. వెళితే ఏమి మాట్లాడాలో తెలియక అనుకునేవాణ్ణి. నిజానికి వాడు నా కంటే గొప్పవాడని ఒప్పుకోవడం ఇష్టంలేక.

రెండేళ్ళకి ఆ పెద్దాయన ఇంట్లో పెళ్ళికి నాకు శుభలేఖ వచ్చింది. వెళ్ళాను. భోజనం బాగుంది. పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బంధువులందరికీ ఆ రోజు సంగతి చెప్పాడు. ఆయన కథలో బావమరిది లేడు, ఎండలో కూర్చున్న ఆడవాళ్ళు లేరు. "పేటోడైనా సరే, ఫ్రెండు కోసం సొంత తమ్ముడని చెప్పాడయ్యా! ఎంత మంచి మనసో చూడండి. మనోడు" అన్నాడు. విన్నవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు. పెరుగన్నం కలుపుకుంటూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

మొన్న చీరాల వెళుతూ పెట్రోలు బంకులో ఆగాను. నా ముందు స్కూల్ వ్యాను ఉంది. డ్రైవర్ దిగాడు, వాడే. జుట్టు పల్చబడింది. పక్క సీట్లో ఆరేడేళ్ళ పాప, వాడి పోలికే. వాడూ నన్ను చూశాడు. ఇన్నేళ్ళుగా ఎన్నోసార్లు లోపల్లోపల అనుకుని పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకొచ్చాయి. "ఒరేయ్" అనడానికి నోరు తెరిచాను.

"ఎవరు నాన్నా?" అంది పాప.

"మనూరాయనమ్మా" అన్నాడు. నా వైపు తిరిగి, వాళ్ళ నాన్న నన్ను పలకరించే పద్ధతిలోనే కాస్త ఒదిగి నిలబడి, "బాగున్నారా అండీ?" అన్నాడు.

"బాగున్నానండీ" అన్నాను.